తుఫాను ట్రాకింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? పర్లాకిమిడి తమ్ముడికి కాస్త పొడుగు జవాబు

తమ్ముడూ, నువ్వు ఒక ప్రశ్న అనుకుని నాలుగు అడిగావు. అమెరికా వాళ్ళు మంచు తుఫానుల వెంట కార్లేసుకుని తిరిగే వీడియోలు చూసి దీని మీద పడ్డానన్నావు. ఒక యాప్‌లో పన్నెండు రోజుల తర్వాత గోపాల్‌పూర్ మీదికి భారీ తుఫాను కనిపిస్తుంది, ఇంకోదాంట్లో అసలు ఏమీ లేదు, ఎవర్ని నమ్మాలి అన్నావు. నిజంగా వస్తే బారువ బీచ్‌కెళ్ళి షూట్ చేద్దామా అన్నావు. చివర్లో, ఒడిశా కొండల పక్కన సముద్రం లేని పర్లాకిమిడిలో కూర్చుని ఇది నేర్చుకోవడం అవుతుందా అన్నావు. నేనుండేది ఇచ్ఛాపురం, పని బరంపురంలో, ఈ పిచ్చి 1999 అక్టోబర్‌లో పట్టుకుంది. ఆ నెల 17న గోపాల్‌పూర్ దగ్గర ఒకటి దాటింది, మళ్ళీ 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్, అప్పుడు మాకున్నది రేడియో ఒక్కటే. నీ చేతిలో ఇప్పుడు ఉపగ్రహం, రాడార్, మోడళ్ళు అన్నీ ఫ్రీగా ఉన్నాయి, చిక్కల్లా ఏది ఎప్పుడు చూడాలో తెలియకపోవడమే.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, నాకు అదే ముఖ్యం అనిపించింది. పర్లాకిమిడి ఈ పనికి చాలా మంచి చోటు, కొన్ని విషయాల్లో మా ఊరికంటే మంచిది. ఎందుకంటే తీరం దాటింది అనగానే టీవీ వాళ్ళు లైట్లు ఆర్పేసుకుని వెళ్ళిపోతారు, మావైపు జనం కూడా అమ్మయ్య అనుకుంటారు, కానీ మీవైపు అసలు కథ అప్పుడే మొదలవుద్ది. తిత్లీ తుఫాన్నే తీసుకో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి గంటకి 140-150 కిలోమీటర్లు, గస్ట్, అంటే ఒక్కసారిగా కొట్టే విసురు, 165 దాకా. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు, కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. అది తిన్నగా వాయవ్యంగా లోపలికిపోయి చచ్చిపోలేదు, తీరం దాటాక ఈశాన్యం వైపు మలుపు తీసుకుని మీ కొండల్లోంచి మెల్లగా సాగింది. గజపతి జిల్లా బారఘర దగ్గర వానకి తడవకుండా గుహలాంటి చోట తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. వాళ్ళని తీసుకుపోయింది గాలి కాదు, ఉప్పెన కాదు, వాన. కాబట్టి నీ ట్రాకింగ్‌లో గాలి స్పీడు రెండో కాలమ్‌లో ఉండాలి, మొదటి కాలమ్ వానే.

ఇక యాప్‌ల గొడవ. ముందు ఒకటి అర్థం చేసుకో, యాప్ వేరు మోడల్ వేరు. మోడల్ అంటే రాబోయే వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కకట్టేది, యాప్ దాన్ని బొమ్మగా చూపించేది. విండీ యాప్‌లో నువ్వు చూసేది మామూలుగా యూరప్ వాళ్ళ ఈసీఎండబ్ల్యూఎఫ్, కిందికి వెళ్తే అమెరికా జీఎఫ్ఎస్, జర్మనీ ఐకాన్ కూడా ఉంటాయి. నువ్వు రెండు యాప్‌లు గొడవ పడుతున్నాయి అనుకుంటున్నావు గానీ చాలామటుకు అవి రెండు మోడళ్ళు. జీఎఫ్ఎస్‌కి బంగాళాఖాతంలో మే నెలలోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ పది పన్నెండు రోజుల ముందే భయంకరమైన తుఫాను పుట్టించే అలవాటుంది, ఆరు గంటల తర్వాత రన్‌లో, అంటే లెక్క మళ్ళీ కట్టినప్పుడు, అదే తుఫాను చెన్నైకి పోతుంది, ఆ తర్వాత రన్‌లో మాయం. ఆ స్క్రీన్‌షాటే వాట్సాప్‌లో తిరుగుతుంది. అలాగని జీఎఫ్ఎస్ పనికిరాదని కాదు, పన్నెండో రోజు బొమ్మ ఏ మోడల్‌ది అయినా ఒకటే, అది ఇలా కూడా జరగొచ్చు అని చెప్పడం వరకే. నేనైతే ఏడు రోజులు దాటిన దాంట్లో తుఫాను ఎక్కడ తాకుతుంది అనేది అసలు చూడను, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టే పరిస్థితి ఉందా లేదా అంతవరకే. దానికి సముద్రం 26.5 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి, మన దగ్గర సీజన్లో అది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి అసలు చూడాల్సింది పై గాలికీ కింద గాలికీ ఉన్న తేడా, అంటే విండ్ షియర్. అది ఎక్కువుంటే మబ్బు ఒకవైపు, సుడి కేంద్రం ఒకవైపు అయిపోయి తుఫాను లేవదు. 2021 డిసెంబర్‌లో జవాద్ మనవైపే వస్తుందని స్కూళ్ళు మూసేశారు గుర్తుందా, తీరానికి రాకముందే నీరసించిపోయింది.

నాలుగైదు రోజుల దూరంలోకి వచ్చాక ఒక్క గీత చూడటం మానేసి ఎన్‌సెంబుల్ చూడు. ఈసీఎండబ్ల్యూఎఫ్ ఒకే లెక్కని మొదట్లో చిన్న చిన్న తేడాలు పెట్టి యాభై ఒక్కసారి నడుపుతుంది, ఆ గీతలన్నీ ఒకచోట గుత్తిగా ఉంటే నమ్మకం పెరిగినట్టు, విసనకర్రలా విచ్చుకుంటే ఎవడూ ఊరిపేరు చెప్పకూడదు. ఐఎండీ, అంటే మన వాతావరణ శాఖ, వాళ్ళది 24 గంటల ముందు అంచనాలో తుఫాను కేంద్రం స్థానం సగటున ఇటీవలి ఏళ్ళలో సుమారు 75 కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, 48 గంటలకి 115 దాకా. ఇది చాలా మంచి లెక్క, ప్రపంచంలో ఎవరికీ తీసిపోదు. కానీ మ్యాప్ తీసి చూడు, పలాస నుంచి గోపాల్‌పూర్ తిన్నగా కొలిస్తే ఇంచుమించు అంతే దూరం, మధ్యలో మా ఇచ్ఛాపురం. అంటే రేపు తాకే తుఫాను గురించి కూడా అది మాకు ఎడమన పోతుందో కుడిన పోతుందో ఖాయంగా చెప్పలేరు. ఆ ఎడమ కుడి తేడా ఎంతో చెప్తాను.

మన సముద్రంలో తుఫాను సుడి గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతుంది, నడక ఎక్కువగా వాయవ్యంగా. నడిచే దిశకి కుడిపక్క ఉన్నోడికి సముద్రం మీంచి వచ్చే గాలి, దానికి తుఫాను నడక స్పీడు కూడా తోడు, ఉప్పెన కూడా వాడికే. ఎడమపక్కోడికి గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర గంటకి 200 దాటిన గాలితో తాకింది, మేం ఎడమపక్క పడ్డాం, గాలి ఉత్తరం నుంచి మొదలై వాయవ్యానికి, తెల్లారేసరికి పడమరకీ తిరిగింది. మా వీధిలో ఉత్తరం వైపు కిటికీలే పోయాయి. తిత్లీకి మేం కుడిపక్క, ఈశాన్యం నుంచి తూర్పుకీ ఆగ్నేయానికీ తిరిగింది, ఈసారి సముద్రం వైపు కిటికీల వంతు. గాలి దిశ గడియారం ముల్లు వైపు జరుగుతుంటే నువ్వు కుడిపక్క, ఎదురుగా జరుగుతుంటే ఎడమపక్క. దిశ మారకుండా ఒకటే చోటునుంచి గట్టిపడుతుంటే, నాయనా, అది నీ నెత్తి మీదికే వస్తుంది. ఇంకోటి, గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి చాపు, ఆ చెయ్యి వైపు, కాస్త ముందుకి, కేంద్రం ఉంటుంది. దీనికి నెట్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. టవర్లు పడిపోయాక నాకు మిగిలే పరికరం ఇదీ, బారోమీటరూ.

బారోమీటర్ అంటే గాలి పీడనం కొలిచేది, కొనమని కాదు, చాలా ఫోన్లలో సెన్సార్ ఉంటుంది, ఏదో ఒక బారోమీటర్ యాప్ వేస్తే చదువుతుంది. కొత్తవాళ్ళు తడబడేది ఎక్కడంటే, సాయంత్రం నాలుగింటికి చూసి అమ్మో పీడనం మూడు మిల్లీబార్లు పడిపోయింది అని గ్రూపులో పెడతారు. మన ప్రాంతాల్లో పీడనం రోజూ అలాగే ఊగుతుంది, పొద్దున్న పదింటికీ రాత్రి పదింటికీ పైన, సాయంత్రం నాలుగింటికీ తెల్లవారుజాము నాలుగింటికీ కింద, తేడా మూడు నాలుగు దాకా, ఆకాశంలో మబ్బుతునక లేని రోజు కూడా. కాబట్టి ఎప్పుడూ నిన్న ఇదే టైముతో పోల్చు. నిన్న నాలుగింటికి ఎంత, ఇవాళ నాలుగింటికి ఎంత. అది రెండు మూడు పడితే సముద్రంలో ఏదో ఉంది, పొద్దున్న పదింటికి ఎక్కాల్సిన రీడింగు ఎక్కకుండా అలాగే ఉండిపోతే ఇక నిద్రపోకు. ఫోన్ ఒకటే చోట పెట్టి చదవాలి, ఎనిమిది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక మిల్లీబారు తగ్గుతుంది, మేడ మీద ఒకసారి కింద ఒకసారి చదివితే నీ మెట్లే తుఫానులా కనిపిస్తాయి. పర్లాకిమిడి సముద్రమట్టం కంటే ఎత్తు కాబట్టి మామూలు రోజుల్లోనే మా రీడింగు కంటే పది పదిహేను తక్కువ ఉంటుంది, కొరాపుట్ వాడు 915 అని పెడితే కంగారుపడకు, వాడు కొండ మీద ఉన్నాడు అంతే. నేను ఇప్పటికీ పాత అకౌంట్ నోట్‌బుక్‌లో పొద్దున్న పదింటికీ సాయంత్రం నాలుగింటికీ రాస్తాను, పక్కన గాలి దిశ, మబ్బు ఎటు పోతుంది, అంతే. మా ఇంట్లోవాళ్ళు దీన్ని పాలవాడి ఖాతా అంటారు.

ఉపగ్రహం బొమ్మ గురించి రెండు ముక్కలు. ఇన్సాట్-3డీఆర్, 2024లో పంపిన 3డీఎస్ బొమ్మలు ఐఎండీ సైట్‌లో, ఇస్రో వాళ్ళ మోస్‌డాక్ సైట్‌లో దొరుకుతాయి, టైము యూటీసీలో ఉంటుంది, ఐదున్నర గంటలు కలుపుకో. ఇన్‌ఫ్రారెడ్‌లో ఎర్రగా కనిపించేది వాన కాదు, మబ్బు తల ఎంత చల్లగా ఎంత ఎత్తున ఉందో చెప్పే రంగు. పగలైతే విజిబుల్, అంటే మామూలు వెలుతురులో తీసిన, బొమ్మల్ని వరసగా ఆడించి కింది మబ్బుల గీతలు ఎక్కడ చుట్టుకుంటున్నాయో వెతుకు, కేంద్రం అక్కడుంటుంది, చాలాసార్లు ఎర్రటి ముద్దకి పక్కన ఉంటుంది. అసలు ఇప్పుడు ఎక్కడుందో పట్టుకోవడమే సగం పని తమ్ముడూ, ఎటు పోతుందో అనేది తర్వాత. నీ అంచనాతో ఐఎండీ తుఫాను కేంద్రం ఆర్ఎస్ఎంసి న్యూఢిల్లీ బులెటిన్‌లో ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు పోల్చి చూసుకో, తీవ్ర వాయుగుండం అయ్యాక మూడు గంటలకొకటి వస్తుంది, చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. బులెటిన్‌లో మాటలకి కూడా లెక్కలున్నాయి, గాలి గంటకి 31-50 అయితే వాయుగుండం, 51-62 తీవ్ర వాయుగుండం, 63 నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్రం, 166 నుంచి అత్యంత తీవ్రం, 221 దాటితే సూపర్. అమెరికా నేవీ తుఫాను హెచ్చరిక కేంద్రం జేటీడబ్ల్యూసీ వాళ్ళు ఎప్పుడూ ఎక్కువ చెప్తారని గొడవపడతారు గానీ, వాళ్ళది ఒక నిమిషం సగటు, మనవాళ్ళది మూడు నిమిషాల సగటు. సగం తేడా అక్కడే తేలిపోద్ది.

రాడార్ మనకి రెండుపక్కలా ఉన్నాయి, గోపాల్‌పూర్, విశాఖ. యాప్‌లో రాడార్ అని రాసినదంతా రాడార్ కాదు, కొన్నింట్లో ఉపగ్రహం నుంచి లెక్కగట్టిన వానే చూపిస్తారు, కాబట్టి ఐఎండీ పేజీకే వెళ్ళు, ముందు బొమ్మ మీద టైము చూడు, ఒక్కోసారి పాతది అలాగే ఉండిపోతుంది. 2014లో హుద్‌హుద్ దెబ్బకి విశాఖ రాడారే మూగబోయింది, సరిగ్గా కావాల్సినప్పుడే. ఇంకో సంగతి, రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగిపోతుంది, రెండొందల కిలోమీటర్ల దూరంలో అది నేలకి నాలుగు కిలోమీటర్ల పైన చూస్తుంటుంది. రాయగడ అవతల కొండల మధ్య కింద కురిసేది దానికి సరిగ్గా కనపడదు. అందుకే మీవైపు వానకి రాడార్ కంటే నేల మీద డబ్బాయే పెద్ద సాక్షి.

అదెలాగంటే, నిలువుగా తిన్నటి గోడలున్న డబ్బా ఏదైనా చాలు, చెట్టుకీ గోడకీ దూరంగా, ఒరిగిపోకుండా ఇటుకల మధ్య పెట్టి పొద్దున్న ఎనిమిదిన్నరకి స్కేలుతో కొలు, ఐఎండీ కొలిచే టైము అదే. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. గాలి బాగా ఉన్న రోజు డబ్బాలో అసలు కంటే తక్కువే పడుతుంది, వాన అడ్డంగా పోతుంది కదా, అది గుర్తుపెట్టుకో. మీకు ఇంత వాన ఎందుకంటే సముద్రం మీంచి తడిగాలి వచ్చి 1501 మీటర్ల మహేంద్రగిరి లాంటి గోడకి తగిలి పైకి ఎక్కుతుంది, ఎక్కుతూ చల్లబడి అక్కడే దించేస్తుంది. తుఫాను బలహీనపడి వాయుగుండం అయింది అని టీవీలో చెప్పినా ఆ తడిగాలి ఆగదు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన దాటింది, గాలి 75-85, పేరుకి చిన్న తుఫానే, కానీ దక్షిణాన విశాఖలో ఎయిర్‌పోర్టులోకి నీళ్ళొచ్చాయి. అదే గులాబ్ దేశమంతా దాటి అరేబియా సముద్రంలో మళ్ళీ లేచి షహీన్ పేరుతో ఒమన్ మీద పడింది, చూడు దాని మొండితనం.

నది కూడా నీ ట్రాకింగ్‌లో భాగమే. మీ ఊరిపక్క మహేంద్రతనయ కొండల్లోంచి దిగి వంశధారలో కలుస్తుంది, వంశధారకి పైన గుణుపూర్, కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం వాళ్ళ గేజీలున్నాయి, కింద గొట్టా బ్యారేజీ. అటు బ్లాకుల వారీ వాన, ఇటు మండలాల వారీ వాన పక్కపక్కన పెట్టుకుని ఫ్లడ్‌వాచ్ యాప్‌లో కాశీనగర్ మట్టం గంటగంటకీ చూస్తే, హిరమండలం వాళ్ళకి నీళ్ళు ఎప్పుడొస్తాయో నీకు ముందే తెలుస్తాది. రాష్ట్రం బోర్డర్ నీళ్ళకి తెలీదు గానీ వార్తలకి తెలుసు, ఒడియా చానల్ ఇటు చెప్పదు, తెలుగు చానల్ అటు చూడదు. రెండు భాషలూ వచ్చినవాడివి నువ్వు, ఇక్కడ నీకున్న అడ్వాంటేజ్ మాకు లేదు.

మంచు తుఫానుల మాట మర్చిపోలేదు. అది మన దగ్గర లేదు అనుకుంటావు గానీ హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న విశాఖలో తీరం దాటింది, దాని మిగులు తేమ ఉత్తరానికి పోయింది, పడమటి నుంచి వస్తున్న ద్రోణి, అంటే పై గాలుల్లో సాగిన అల్పపీడన పట్టీ, దాన్ని పైకి లాగింది, రెండు రోజుల తర్వాత 14న నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ, 5416 మీటర్ల థొరాంగ్ లా కనుమ దగ్గర విపరీతమైన మంచు కురిసి నలభైమందికి పైగా చనిపోయారు, ట్రెక్కర్లు, గైడ్లు, పశువులు కాసుకునేవాళ్ళు. విశాఖ మీద వాన, అక్కడ మంచు, తేమ అదే. తిత్లీని మలుపు తిప్పింది కూడా అలాంటి పడమటి ద్రోణే. అందుకే అక్టోబర్‌లో తుఫాను ఉన్నప్పుడు నేను 500 మిల్లీబార్ల మ్యాప్‌లో, అంటే ఐదారు కిలోమీటర్ల ఎత్తున గాలులు చూపించే దాంట్లో, బంగాళాఖాతం కంటే ముందు వాయవ్య భారతం వైపు చూస్తాను, అక్కడ ద్రోణి కిందికి దిగుతుంటే మలుపు ఖాయం అనుకో. నువ్వు చూసే అమెరికా వీడియోలవాళ్ళ కష్టం కూడా మన ఎడమ కుడి కష్టమే. 2015 జనవరి చివర న్యూయార్క్‌కి రెండడుగుల మంచు అని సిటీ మొత్తం, సబ్‌వేతో సహా మూసేశారు, సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలు, తుఫాను కాస్త తూర్పుకి జరిగింది అంతే. లాంగ్ ఐలాండ్‌లో మాత్రం చెప్పినట్టే కురిసింది. ఆ రోజు జీఎఫ్ఎస్ తక్కువ చెప్పింది, యూరప్ మోడల్ ఎక్కువ చెప్పింది, ఎప్పుడూ ఒకడే గెలవడు.

బారువ బీచ్ మాట, వద్దు. అమెరికాలో వాళ్ళు వెనక్కి తిరిగి పారిపోవడానికి నాలుగు రోడ్లుంటాయి, రాడార్ చూస్తూ నడుపుతారు. మనకి తీరానికి ఒకటే రోడ్డు, రెండుపక్కలా కొబ్బరి చెట్లు, ఒక్క చెట్టు అడ్డంగా పడితే నువ్వు లోపల ఇరుక్కున్నట్టే, నిన్ను తీయడానికి ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు రంపాలతో రావాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి చుక్కలు కనిపిస్తే అయిపోయింది అనుకుని బయటికొస్తారు, అది తుఫాను కన్ను, మధ్యలో గాలి లేని చోటు, కాసేపట్లో ఎదురువైపు నుంచి కొడుతుంది. చేజింగ్ ఆశ తీరాలంటే మార్చి నుంచి మే దాకా కాలవైశాఖి ఉరుములున్నాయి కదా, మధ్యాహ్నం కొండల మీద మబ్బు కోటలా లేస్తుంటే మీ మేడ మీంచే చూడొచ్చు, రాడార్‌లో 40 దాటిన డీబీజెడ్ (రాడార్ కిరణం వానకి తగిలి ఎంత గట్టిగా తిరిగొచ్చిందో చెప్పే కొలత) ముద్ద ఎటు జరుగుతుందో ముందే ఊహించి రాసుకుని తర్వాత సరిచూసుకో, ఒక సీజన్లో మోడళ్ళు నేర్పనంత నేర్పుద్ది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టు, మూడు సెకన్లకో కిలోమీటరు, ముప్ఫై లోపు వస్తే కిందికి దిగిపో, పిడుగుల హెచ్చరికకి దామిని యాప్ పెట్టుకో. ఒడిశాలో పిడుగులకి ఏటా పోయేవాళ్ళు తక్కువ కాదు, మేడ మీద ఇనప చువ్వ పక్కన నిలబడి రీలు తీయకు.

గ్రూపులో పెట్టే విషయం నువ్వు అడగలేదు గానీ పెడతావు, అందరం పెడతాం. బులెటిన్ అయితే దాని టైముతో సహా అలాగే పెట్టు, నీ సొంత అంచనా అయితే నా అంచనా అని ముందే రాయి, తీరం ఎక్కడ దాటుతుంది అనే ఊరిపేరు 24 గంటల లోపు బులెటిన్ రాకుండా రాయకు. గాలి ఇటు, పీడనం ఇంత, డబ్బాలో వాన ఇంత అని పెడితే ఎవరూ తప్పు పట్టలేరు, నాలాంటివాడికి అదే బంగారం, ఇచ్ఛాపురంలో కూర్చున్నవాడికి పర్లాకిమిడి రీడింగు ఎక్కడ దొరుకుద్ది చెప్పు. ముందు నీ ఫోన్ మోడల్ రాయి, సెన్సార్ ఉందో లేదో చూసి చెప్తాను, లేకపోతే మీ ఇంట్లో ఇంకెవరి ఫోన్‌లో ఉందో చూద్దాం. డబ్బా మాత్రం ఇవాళే పెట్టెయ్.